ఆవకాయ కోసం మానేసిన మాత్ర

మద్రాసులో గుండె డాక్టరుగారు మా ముందు రెండు కవాటాలు పెట్టారు. ఒకటి పంది గుండె నుంచి తయారుచేసింది, ఇంకొకటి లోహంది. చిన్నప్పటి కీళ్ళ జ్వరం నా గుండెలో, ఒంటికంతటికీ రక్తం బయల్దేరే చోట ఉండే తలుపును పాడుచేసిందనీ, అది సగం కూడా తెరుచుకోవడం లేదనీ, ఛాతీ తెరిచి మార్చక తప్పదనీ అప్పటికే చెప్పారు. పందిదైతే కొన్నేళ్ళకు పాడవుతుంది గానీ జన్మంతా మందు మింగక్కర్లేదు. లోహందైతే చాలాకాలం మన్నుతుంది గానీ, దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినన్నాళ్ళూ రోజూ మాత్ర వేసుకోవాలి. నేను ఆలోచించుకునేలోపే మా అత్తగారు తేల్చేశారు.

"పందిది లోపల పెట్టుకుని ఆవకాయ ఎలా కలుపుతుందండీ?"

డాక్టరుగారు తెలుగాయనే. అయినా బిత్తరపోయారు. ఆయనది మా నూజివీడు కాదు మరి.

మా ఇంట్లో ఆవకాయ ఒక్క చేతి మీదుగానే జరగాలి. కాయ తుడవడం, టెంకతో సహా ముక్క కొట్టడం, కలపడం అన్నీ ఒకరే చెయ్యాలి. మధ్యలో చెయ్యి మారితే జాడీ బూజు పడుతుందని నమ్మకం. పెళ్ళయిన మూడో వేసవికే అత్తగారు ఆ పెద్ద కత్తిపీట నాకు అప్పగించారు. ముగ్గురు ఆడపడుచుల ఇళ్ళకూ నేను కలిపిన ఆవకాయే వెళ్ళేది. ఉద్యోగం సద్యోగం లేని నాకు అదే పెద్ద పదవి. గర్వం కూడా బాగానే ఉండేది, దాచడమెందుకు?

లోహపు కవాటమే పెట్టించుకుని ఇంటికొచ్చాను. అది టిక్కుటిక్కుమని చప్పుడు చేసేది. రేషన్ షాపు దగ్గర వరసలో నిలబడితే ముందున్నాయన తన వాచీ చెవి దగ్గర పెట్టుకుని చూసుకునేవాడు. పిల్లలిద్దరూ నా ఛాతీకి చెవి ఆనించడానికి వంతులు వేసుకునేవారు. మధ్యాహ్నాలు నేనూ అత్తగారూ వసారాలో చాపలు పరుచుకుని నడుం వాల్చేవాళ్ళం. "నీ పక్కన పడుకుంటే బస్సు వెళ్ళిపోతుందేమోనని కంగారుగా ఉంటుందే" అని రోజూ సణిగేవారు. రోజూ నా పక్కనే పడుకునేవారు.

ఆ ఏడు వేసవి విశ్రాంతిలో పోయింది. ఆవకాయ అత్తగారే పెట్టి, ఏడాది పొడుగునా వడ్డించినప్పుడల్లా ఆ సంగతి గుర్తు చేశారు. మరుసటి ఏడు కత్తిపీట వదిలేది లేదనుకున్నాను. చిక్కల్లా మాత్రతోనే. అది వేసుకుంటే వేలు తెగినప్పుడు రక్తం ఓ పట్టాన ఆగదు. ఈసారి ముక్కలు బయట కొట్టిద్దామన్నారు మావారు. నాకు ఒళ్ళు మండింది. అంతకు ముందు నాకు పన్ను పీకినప్పుడు డాక్టరుగారే నాలుగు రోజులు మాత్ర ఆపించారు. ఒక్క పన్నుకే నాలుగు రోజులైతే, రెండొందల కాయలకు పన్నెండు రోజులు ఆపితే తప్పేంటని లెక్క వేశాను. ఆ తెలివికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. మావారు మాత్రల అట్ట చూసేవారు గనక, రోజుకొకటి తీసి జామచెట్టు మొదట్లో పాతేసేదాన్ని.

ఆగిరిపల్లి తోట నుంచి కాయల బస్తాలు వచ్చాయి. తెల్లారితే ముక్కలు కొట్టాలి. ఆ మధ్యాహ్నం ఎప్పట్లాగే పడుకున్నాం. కాసేపటికి అత్తగారు లేచి కూర్చున్నారు.

"ఏమే, నీ చప్పుడు తగ్గిందేంటి?"

"ఫ్యాను గోలలో వినపడటం లేదేమో అత్తయ్యా."

ఆవిడ వెళ్ళి ఫ్యాను ఆపి, నా ఛాతీ మీద చెవి పెట్టారు. "రోజూ వింటున్నదాన్ని, నాకు చెప్తావా? నాలుగు రోజులుగా బిందె ఎత్తితే ఆయాసపడుతున్నావు కూడానూ. ఏం చేశావో చెప్పు."

చెప్పేశాను. ఆవిడ ఒక్క మాట కూడా తిట్టలేదు. నాకు భయం వేసింది అప్పుడే. కట్టుకున్న చీరతోనే ఎండలో ఆఫీసుకు వెళ్ళి మావారిని లాక్కొచ్చారు. కారు మాట్లాడి నన్ను బెజవాడ తీసుకెళ్ళారు.

కవాటం మీద గడ్డ మొదలైందనీ, లోపలి రెక్క సరిగా ఆడటం లేదనీ అక్కడి డాక్టరు చెప్పారు. గడ్డ కరిగే మందు ఎక్కించారు. కరగకపోతే మళ్ళీ ఛాతీ తెరవాలన్నారు, ఈసారి బతుకుతానని మాత్రం ఎవరూ అనలేదు. ఆవకాయ ముక్కల కోసం నా పిల్లలకు తల్లి లేకుండా చేసుకుంటున్నానా అని వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తగారు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు. గంటకోసారి వంగి నా ఛాతీ మీద చెవి పెట్టేవారు. నర్సమ్మలు నవ్వుకున్నా లెక్కచెయ్యలేదు. మూడో రోజు పొద్దున అలాగే వంగినావిడ ఎంతసేపటికీ లేవలేదు. నా జాకెట్టు తడిసింది. "పలుకుతోందే" అన్నారు. కాసేపటికి డాక్టరుగారు వచ్చి, స్టెతస్కోపు పెట్టి, అదే మాట చెప్పారు.

ఇంటికొచ్చేసరికి బస్తాల్లో కాయలన్నీ పండిపోయాయి. వీధి వీధంతా తిన్నారు. నన్ను చూసుకోవడంతోనే సరిపోయి, మళ్ళీ కాయ తెప్పించే ఊసే రాలేదు. ఈలోగా వానలు పడ్డాయి. విస్సన్నపేట నుంచి పెద్దాడపడుచు ఖాళీ జాడీతో వచ్చింది.

"అదేంటమ్మా! మామిడి తోటల మధ్యన ఉండి, ఇంట్లో ఆవకాయ లేకపోవడమేంటి? అడిగినవాళ్ళకి ఏం చెప్పుకోమంటావు?"

వంటింట్లో నాకు తల కొట్టేసినట్టయింది. తప్పంతా నాదేనని చెబుదామని గుమ్మం దాకా వచ్చాను. అత్తగారు కూతురి చేతిలోంచి జాడీ తీసుకుని పక్కన పెట్టారు.

"ఆవకాయ లేదు, కోడలుందని చెప్పు."