కుడితి తొట్టిలో ఈస్టర్ కేకు

నా చిన్నప్పుడు నాకు అందరికంటే ఇష్టమైన మనిషి మా అవ్వ. ఆమె మీద నా కోపం ఇంకా పోలేదని ముందే చెప్పేస్తున్నాను. ఆమె చనిపోయి పదేళ్ళు దాటింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదే అని మా అమ్మ ఇప్పటికీ మందలిస్తుంది. పెట్టుకోకూడదు, నిజమే. పోవడం లేదే, ఏం చెయ్యమంటారు?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నాకు పదేళ్ళు. మాది తమిళనాడులో నల్లంపల్లి దగ్గర ఒక పల్లె. రోడ్డుకు ఇవతల మా ఇల్లు, అవతల నర్సు కోసం ప్రభుత్వం కట్టించిన రెండు గదుల క్వార్టర్స్. అందులో ఉండే నర్సును ఊరంతా సిస్టరమ్మ అనేది, నేను అక్కా అనేదాన్ని. మా ఇంట్లో మాట్లాడే తెలుగే ఆమె ఇంట్లోనూ. మా పెద్దలూ ఆమె పెద్దలూ ఎన్నో తరాల కిందట ఈ తమిళ సీమకు వచ్చినవాళ్ళే. కాకపోతే ఆమె పుట్టింది కాలనీలో. మా వైపు కాలనీ అంటే ఇళ్ళ వరస కాదు, ఊరి బయట ఉంచిన కులం. ఆ మాట ఆమె ముందు ఎవరూ అనరు. ఆమె అటు తిరగ్గానే అంటారు.

ఆ ఏడు మా అవ్వ కాలిని ఆవు తొక్కింది. గిట్ట దిగి పెద్ద పుండు పడింది. అక్క రోజూ సాయంత్రం వచ్చి, కింద కూర్చుని, ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకుని కట్టు కట్టేది. నెల రోజుల్లో ఒక్క పూట తప్పలేదు.

ఈస్టర్‌కు ముందురోజు అక్క కేకు చేస్తానంటే పొద్దున్నే పోయి కూర్చున్నాను. మా పల్లెలో ఓవెన్ ఎక్కడిది? కొత్త ఇల్లు కడుతున్న చోటి నుంచి నేనే ఇసుక మోసుకొచ్చాను. అక్క దాన్ని జల్లించి ప్రెషర్ కుక్కర్ అడుగున పోసి, మూతకున్న రబ్బరూ విజిలూ తీసేసి, ఇసుక బాగా కాగాక పిండి గిన్నె అందులో దించింది. గుడ్లు కొట్టింది నేను. వెన్నా చక్కెరా ఒకే వైపు తిప్పుతూ చెయ్యి పడిపోయేదాకా గిలక్కొట్టిందీ నేనే. చీపురుపుల్ల గుచ్చితే పిండి అంటకుండా వచ్చినప్పుడు గంతులేశాను. చల్లారాక తెల్లటి ఐసింగు పూశాం. పాల కవరు మూల కత్తిరించి, గులాబీ రంగు క్రీము నింపి, నడుమ శిలువ, చుట్టూ పువ్వులు పెట్టాం. వంకర పువ్వులన్నీ నావి. చెరిపి మళ్ళీ పెడతానంటే అక్క ఒప్పుకోలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే అక్క వీధిలో ఇంటింటికీ ప్లేటులో కేకు పంచింది. మా ఇంటికొచ్చిన ముక్క మీద నా పువ్వు ఒకటుంది. అవ్వ రెండు చేతులా అందుకుని, నీ కడుపు చల్లగుండ తల్లీ అని దీవించింది. అక్క గేటు దాటింది. అవ్వ కుంటుకుంటూ పెరట్లోకి పోయి, ఆ ముక్కను కుడితి తొట్టిలో పడేసి, చేతులు కడుక్కుంది. నేను అక్కడే ఉన్నాను. ఏంటికవ్వా అంటే, మనం తినేది కాదులే, ఆవు తింటాదిలే అంది, ఏమీ జరగనట్టు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క చెయ్యి నీ కాలికైతే పనికొస్తుంది, నీ నోటికి పనికిరాదా అని అరిచాను. చెంప ఛెళ్ళుమంది. మా అవ్వ నన్ను కొట్టడం అదే మొదలు, అదే చివర. గోడ మీదుగా చూస్తే పక్కింటి తొట్టిలోనూ తెల్లటి ఐసింగు తేలుతోంది.

ఏడుస్తూ రోడ్డు దాటి పోయి అక్కకు అంతా చెప్పేశాను. మా అవ్వ మంచిది కాదన్నాను, వీధి మొత్తం దొంగమొహాలన్నాను. ఇంకెవరికీ ఏమీ ఇవ్వొద్దన్నాను. అక్క నిలువునా కుంగిపోతుందనుకున్నాను.

"తెలుసు పాపా. నాలుగేండ్లుగా తెలుసు," అంది. "నా మొగం చూసి వద్దని చెప్పేదానికి వాళ్ళకు నోరు రావాల గదా. వచ్చేదాకా ఇస్తా."

తర్వాత పెద్ద ముక్క కోసి నా ముందు పెట్టింది.

నా చెయ్యి లేవలేదు. అప్పటిదాకా వీధిని తిట్టిన నోటితోనే, ఆకలి లేదక్కా అన్నాను. అన్నాక గానీ నాకు తెలిసిరాలేదు. ముందురోజంతా ఆ ఇంట్లోనే ఉన్నాను. నీళ్ళిస్తే దాహం లేదన్నాను. క్రీము రుచి చూడమంటే పన్ను నొప్పన్నాను. మధ్యాహ్నం అన్నం పెట్టబోతే ఇంటికి పరిగెత్తి తినేసి వచ్చాను. అలా చెయ్యమని నాకు అమ్మ చెప్పలేదు, అవ్వా చెప్పలేదు. ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు. అవ్వ మీద కోపమంతా నా మీదికే తిరిగింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్క మొహం గట్టిపడింది. ఆమెకు కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు.

"తినకపోతే మానెయ్. ఆకలి లేదని మాత్రం నాతో చెప్పొద్దు."

చివరికి భయంగా ఉందక్కా అన్నాను. దేనికని అడిగింది. తెలియదన్నాను. అట్ల చెప్పు అని, స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఓదార్చలేదు, తినమని బతిమాలలేదు. నేను కొంచెం తుంచి నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగక నీళ్ళడిగితే, తను తాగే గ్లాసుతోనే ఇచ్చింది. తాగాను. ఏదో అవుతుందని బిగుసుకుని కూర్చున్నాను, ఏమీ కాలేదు. ముక్కంతా తినేశాను. భలే ఉంది.

సాయంత్రం అక్క మామూలుగానే కట్టు కట్టడానికి వచ్చింది. ఆమె ఎదుటే అవ్వతో చెప్పాను, అక్క ఇంట్లో కేకు తిన్నానని, నీళ్ళు కూడా తాగానని. అవ్వ మొహం అటు తిప్పుకుంది. చాచిన కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆ కాలే నాకిప్పటికీ కళ్ళలో మెదిలి కోపం తెప్పిస్తుంది.

ఇప్పుడు నా కూతురికి తొమ్మిదేళ్ళు. స్నేహితురాళ్ళ ఇళ్ళకు పోయి వస్తే, అక్కడ ఏం తిన్నావే అని మొదట అడుగుతాను. మొన్న ఒక ఇంటి నుంచి వచ్చి, ఏదో పెట్టబోయారమ్మా, ఆకలి లేదన్నాను అంది. నిజంగానే ఆకలి లేదేమో. నేనైతే దానికి ఏమీ నేర్పలేదు. నాకూ ఎవరూ నేర్పలేదు కదా! ఉన్నపళాన చెప్పులేసుకుని, దాని చెయ్యి పట్టుకుని, ఆ ఇంటికి పోయి తలుపు తట్టాను. ఇద్దరికీ తాగడానికి నీళ్ళిమ్మని అడిగాను.