ఆదివారం కదలని కారు

కొత్తపట్నంలో జయకుమారి టీచర్ బిగించిన మూతను ఇంకొకరు తీసిన దాఖలా లేదు. పచ్చడి జాడీ కానివ్వండి, మంచినీళ్ళ సీసా కానివ్వండి, పెరట్లో కుళాయి కానివ్వండి, ఆమె చెయ్యి పడిందంటే మళ్ళీ ఆమే రావాలి. కుళాయి వాషర్లు ఏడాదికి నాలుగు అరిగేవి. హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు సైన్సు చెప్పి, సుద్దముక్కలు విరగ్గొట్టి, అల్లరి పిల్లల చెవులు మెలిపెట్టి సంపాదించిన చేతిబలం అది. రిటైరయ్యాక ఆ బలానికి పని లేకుండా పోయింది. అందుకేనేమో, అరవై రెండో ఏట కారు నేర్చుకుంది.

ఒంగోలులో నేర్పినాయన మొదటి రోజు, "బండి ఆపాక హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి మేడమ్" అన్నాడు. రెండో రోజు, "మరీ అంత గట్టిగా కాదు మేడమ్" అన్నాడు. జయకుమారి మొదటి రోజు మాటనే నోట్సులో రాసుకుంది. రెండో రోజు పుస్తకం తీసుకెళ్ళలేదు.

కారు చిన్నది, తెల్లది. ఎదురింటి సంతోషకుమారి దాన్ని మొదటిసారి చూసి, "జయక్కా, నీ చర్చి చీరకు జాకెట్టు ముక్కలాగా భలే కలిసిందే" అంది. ఆ ఒక్క మాటతో కారు జాతకం మారిపోయింది. చర్చికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో ఆదివారం శనివారం సాయంత్రమే మొదలవుతుంది. చీరలు ఇస్త్రీ అవుతాయి, గిన్నెలు తోమడం అవుతుంది, తలంట్లు అవుతాయి. ఆ వరసలో కారు కూడా చేరింది. శనివారం పొద్దుగూకే వేళ జయకుమారి బోరు పైపు పట్టుకుని కారును కడిగేది. పైన కడిగితే సరిపోదు. అడుగున, చక్రాల లోపల, వేలు దూరని సందుల్లో కూడా నీళ్ళు కొట్టాలి. "దేవుడి మందిరానికి వెళ్ళే బండికి పైన తెలుపూ అడుగున బురదా ఉంటే ఎట్లా?" అనేది. కడిగి, షెడ్డులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ టక టకమని ఏడు టక్కులు లాగి, పైన పట్టా కప్పేది. ఆ పట్టా తమ్ముడు ఏసుబాబు మిరపకాయలు ఆరబోసేది. ఆదివారం పొద్దున్నే పట్టా లాగగానే ఇంటిల్లిపాదీ, వీధిలో సగం మందీ తుమ్మేవాళ్ళు.

మొదటి ఆదివారం తుమ్ములన్నీ అయ్యాక కారు స్టార్టయింది. కానీ కదల్లేదు. గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం నేలకు అణిగింది, లేవనంటే లేవనని మొండికేసిన గేదెలాగా. హ్యాండ్‌బ్రేక్ దించిందా? దించింది. మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించింది. చివరికి వీధిలో నలుగురు వెనక నుంచి తోస్తే లోపలెక్కడో టప్పున శబ్దమైంది, కారు ముందుకు దూకింది. ఆ తర్వాత వారమంతా బుద్ధిగా నడిచింది. బుధవారం ఒంగోలు కూడా వెళ్ళొచ్చింది.

రెండో ఆదివారం అదే తంతు. ఈసారి ఏసుబాబు స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. అక్క కంటే పదేళ్ళు చిన్నవాడైనా, బళ్ళ విషయంలో పదేళ్ళు పెద్దవాడినని అతని నమ్మకం. లోపలి ఊళ్ళలో కౌలుకు మిర్చి వేస్తాడు. వారానికి రెండుసార్లు మోటార్ సైకిల్ మీద ఎండలో వెళ్ళొస్తూ, షెడ్డులో నీడపట్టున ఉన్న అక్క కారును చూసి నిట్టూరుస్తుంటాడు. "బండికి భయం ఉండాలక్కా" అంటూ యాక్సిలరేటర్ తొక్కిపట్టాడు. వెనక చక్రాలు తిరగకుండానే కారు గచ్చు మీద గీరుకుంటూ రెండు గజాలు పోయింది. అప్పుడు వచ్చింది టప్పుమనే శబ్దం. గచ్చు మీద రెండు నల్లటి చారలు మిగిలాయి.

మూడో ఆదివారం తోసినా రాలేదు, తొక్కినా రాలేదు. జయకుమారి తెల్లచీర కట్టుకుని ఆటోలో చర్చికి వెళ్ళింది. అప్పటికే సంగతి ఆమె కంటే ముందు చేరింది. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో చిరునవ్వుతో, "విశ్రాంతి దినాన్ని మనం మరిచిపోయినా మనలో కొందరి వాహనాలు మరిచిపోవడం లేదు" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. జయకుమారి పాటల పుస్తకంలో తల దాచుకుంది.

చర్చి బయట ఏసుబాబు పట్టుకున్నాడు. "అక్కా, బండిలో లోపం లేదు. ఆరు రోజులు నడిచేది ఏడో రోజు ఎందుకు నడవదు? నీ చేతికి లొంగట్లా. నీకెందుకీ యాతన? నా దగ్గర పెట్టుకుంటా. చర్చికి నేనే దింపుతాగా."

"పొలానికి పోగా మిగిలితే దింపుతావు" అంది సంతోషకుమారి.

"నువ్వు ఊరుకో సంతోషక్కా. వచ్చే ఆదివారం అద్దంకిలో స్త్రీల కూడిక. మీ నలుగురూ ఈ బండి మీదే పెట్టుకున్నారు. ఏం చేస్తారు, దీన్ని ఊరేగిస్తారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జయకుమారి సహజంగా నెమ్మదైన మనిషి, కానీ తరగతిలో ఎవరైనా నవ్వితే ఊరుకునే అలవాటు లేదు. "వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి నేనే నడుపుకుంటూ వీళ్ళను అద్దంకి తీసుకెళ్తా. కదల్లేదనుకో, తాళాలు అక్కడికక్కడే నీ చేతిలో పెడతా" అంది. ముప్ఫై రెండేళ్ళలో ఆమె పదిమందిలో అని వెనక్కి తీసుకున్న మాట లేదు.

సోమవారం గౌస్ బాషా వచ్చాడు. ఒంగోలు రోడ్డులో మెకానిక్ షెడ్డు అతనిది. కారును జాకీ మీద లేపి, వెనక చక్రం విప్పి, లోపలున్న గిన్నెలాంటి ఇనప డ్రమ్మును సుత్తితో నాలుగు పక్కలా కొట్టాడు. ఎంతసేపటికో డ్రమ్ము ఊడింది. దానితో పాటు ఎర్రటి పొడి గచ్చు మీద రాలింది. మొదట జయకుమారి అది పట్టాకున్న కారం అనుకుంది.

"టీచర్ గారూ, ఇదేంటి?" అన్నాడు బాషా, వేలికి ఆ పొడి అద్దుకుని.

"తుప్పు."

"ఇనుము తుప్పు పట్టాలంటే ఏం కావాలి?"

"గాలి, తేమ" అంది జయకుమారి తడుముకోకుండా. అని, తనను ఎవరో ప్రశ్న అడిగారనీ తను చేతులు కట్టుకుని జవాబు చెప్పిందనీ గ్రహించి, అతని మొహం పరకాయించి చూసింది. గడ్డం వెనక ఎక్కడో ఏడో తరగతి, మూడో బెంచీ కనిపించింది. "నువ్వు... గుల్జార్ బేగం గారబ్బాయివి కదూ!"

"అవునండీ. మూడు పరీక్షనాళికల్లో మేకులు వేసి చూపించారు మాకు. ఒకటి పొడిగా, ఒకటి మరిగించిన నీళ్ళలో పైన నూనె పోసి, ఒకటి మామూలు నీళ్ళలో. నాలుగోది పుస్తకంలో లేదు. మనది సముద్రం ఊరని మీరే సొంతంగా పెట్టారు, ఉప్పునీళ్ళది. అన్నింటికంటే ముందు అదే తుప్పు పట్టింది. పరీక్షలో నేను ఆ నాలుగోది రాయలేదని యాభైసార్లు రాయించారు. అది మాత్రం సచ్చినా మరిచిపోను."

జయకుమారి బోరు వైపు చూసింది. ఆ ఉప్పునీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. తను పెట్టిన నాలుగో పరీక్షనాళికలోనే వారం వారం తన కారును ముంచి తీస్తోందని ఆమెకు అప్పుడు తట్టింది. ఎవరి మీదా కేకలేయడానికి వీల్లేని తప్పు ఇది. అది ఇంకా కష్టంగా ఉంది.

"బ్రేకు పట్టేవి ఈ రెండు షూలు" అని బాషా డ్రమ్ము లోపల కూర్చునే నెలవంకల్లాంటి ముక్కలు చూపించాడు. "మీరు తడిగా ఉండగానే హ్యాండ్‌బ్రేక్ లాగారు. ఇవి పోయి డ్రమ్మును కరుచుకున్నాయి. పైన పట్టా కప్పారు, తడి ఆరే దారి లేదు. తెల్లారేసరికి తుప్పు ఈ రెంటినీ అతికించేసింది. తతిమ్మా రోజులు కడగరు కాబట్టి అతుక్కోలేదు. ఇంతకీ ఈ షూ మీద ముక్క ఊడిందేంటి? బలవంతాన ఎవరు ఈడ్చారు?"

గేటు దగ్గర నిలబడి వింటున్న ఏసుబాబు మోటార్ సైకిల్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

బాషా కొత్త షూలు వేశాడు. డ్రమ్ము లోపల గరుకు కాగితంతో తుప్పు గీకి, దుమ్మును ఊదకుండా తడిగుడ్డతో తుడిచాడు. హ్యాండ్‌బ్రేక్ తీగ కూడా తుప్పుతో బిగుసుకుని, దించినా పూర్తిగా దిగడం లేదట. అందుకే బండి నడుస్తున్నంతసేపూ షూలు రాసుకుని ఒకవైపు అరిగాయి. తీగకు నూనె పట్టించాడు. షూలు వెనక రేకును తాకే చోట అగ్గిపుల్ల తలంత గ్రీజు పెట్టాడు. "ఇక్కడే పెట్టాలి. పట్టుకునే వైపు చుక్క పడిందా, బ్రేకు ఉండదు, ప్రార్థనే."

జయకుమారి నోట్సు తెచ్చుకుంది. అతను చెప్పాడు, ఆమె రాసింది. సాయంత్రం కడగకూడదు. పొద్దున కడిగి, వెంటనే రెండు మైళ్ళు తిరిగి, బ్రేకును మెల్లమెల్లగా నాలుగైదుసార్లు తొక్కితే ఆ వేడికి లోపలి తడి ఆరిపోతుంది. చదునుగా ఉన్న షెడ్డులో హ్యాండ్‌బ్రేక్ అక్కర్లేదు, మొదటి గేరులో వదిలి చక్రానికి ముందొక ఇటుక, వెనకొక ఇటుక పెడితే చాలు. వాలులో లాగాల్సొస్తే నాలుగు టక్కులు. వానాకాలం ముందు ఏడాదికోసారి డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించాలి.

"తప్పులుంటే దిద్దు" అని నోట్సు అతనికిచ్చింది. బాషా మొత్తం చదివి, కింద గ్రీజు వేలితో రైటు మార్కు పెట్టాడు.

ఆ శనివారం పొద్దున్నే కారు కడిగి, సముద్రం దాకా వెళ్ళి బ్రేకులు ఆరబెట్టుకుని వచ్చింది. ఇటుకలు పెట్టింది. పట్టాను మడిచి తమ్ముడింటికి పంపేసింది. అంతా సక్రమంగానే ఉంది కానీ, సాయంత్రానికి సముద్రపు గాలి కారు మీద సన్నగా ఇసుక చల్లింది. జయకుమారి చేతులు దురదపెట్టాయి. పైపు తీసింది, పెట్టేసింది. మళ్ళీ తీసింది. ఇలా లాభం లేదనుకుని కుళాయిని తన బలమంతా ఉపయోగించి బిగించి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆమె అటు పోగానే సంతోషకుమారి ఇటు వచ్చింది. "పాపం జయక్క మరిచిపోయింది" అనుకుని, పైపు పట్టుకుని కుళాయి తిప్పబోయింది. తిరగలేదు. కొంగు చుట్టి తిప్పింది. రెండు చేతులతో తిప్పింది. దానితో పావుగంట పెనుగులాడి, చెయ్యి బెణికి, ఇంటికెళ్ళిపోయింది.

ఆదివారం ఏడింటికి వీధి వీధంతా అక్కడే ఉంది. తెల్లచీరల్లో ముగ్గురు ఆడవాళ్ళు కారెక్కారు. ముందు సీట్లో సంతోషకుమారి చేతికి పట్టీ కట్టుకుని కూర్చుంది. ఏసుబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు.

జయకుమారి ప్రార్థన చేసుకుని, క్లచ్ తొక్కి, స్టార్ట్ చేసి, మెల్లగా వదిలింది. కారు ముందుకు వంగింది. ఆగింది. ఇంజన్ ఆరిపోయింది.

వీధిలో ఎవరో "ఆమేన్" అన్నారు.

రెండోసారీ అంతే. బాషా తప్పు చెప్పాడా? తను తప్పు రాసుకుందా? అతనే చదివి రైటు మార్కు పెట్టాడు కదా. ఏసుబాబు దగ్గరికొచ్చాడు. పాపం, అతని మొహంలో సంతోషం కంటే జాలే ఎక్కువగా ఉంది. అరచెయ్యి చాచి, "పోన్లే అక్కా. దిగు" అన్నాడు.

మాట మాటే. జయకుమారి తాళం ఊడదీసింది. కిందికి దిగింది. తాళం పట్టుకున్న చెయ్యి సగం దూరం చాచింది. తల దించుకుని ఉంది కాబట్టి చూపు వెనక చక్రం మీద పడింది. చక్రం ముందు ఎర్రటి ఇటుక ఒకటి ధీమాగా కూర్చుని ఉంది.

పెట్టడం గురించి నోట్సులో ఉంది. తీయడం గురించి బాషా చెప్పలేదు, ఆమె రాసుకోలేదు.

జయకుమారి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. వంగి, ఇటుకను పెకలించింది. తమ్ముడి చెయ్యి ఇంకా చాచే ఉంది. ఇటుకను అందులో పెట్టింది.

"ఇది పట్టుకో. జాగ్రత్త."

మళ్ళీ ఎక్కి, స్టార్ట్ చేసి, క్లచ్ వదిలింది. కారు, ఏ రోజైతే నాకేం అన్నట్టు, షెడ్డులోంచి బయటికొచ్చి, వీధి మలుపు తిరిగింది. తిరిగి, ఆగింది. వెనక్కి చూస్తే ఏసుబాబు ఇటుకతో సహా పరిగెత్తుకొస్తున్నాడు.

"అక్కా, నేనూ వస్తా. దారిలో ఏదన్నా అయితే..."

"ఏమీ అవదు. ఎక్కు" అంది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళ పక్కన, ఇస్త్రీ చొక్కా నలగకుండా ఇటుకను ఒళ్ళో పెట్టుకుని, ఏసుబాబు అద్దంకి దాకా కూర్చున్నాడు.

కూడిక జరిగే మైదానం వాలుగా ఉంది. జయకుమారి కారు ఆపి హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి వేసింది. మిగతా నలుగురూ ఆ చెయ్యి వైపే చూశారు. టక్, టక్, టక్, టక్. ఆమె ముంజేయి నరాలు పొంగాయి. ఐదో టక్కు గొంతుదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని చెయ్యి తీసేసింది.

"ఏసుబాబూ" అంది అద్దంలోంచి చూస్తూ, "ఇటుక."

అతను అప్పటికే తలుపు తెరుచుకుని దిగుతున్నాడు. "ముందు పెట్టనా అక్కా, వెనకా?" అనడిగాడు.

"వాలు ఎటుంటే అటు. వెళ్ళేటప్పుడు తియ్యడం నీదే, రాసుకో."