కిటికీలోంచి పడ్డ పెండ్లి పత్రిక

తొంభైల మొదట్లో నేను నల్గొండలో బడిపంతులమ్మను. పాలమూరులో ఉండే చెల్లెలితో నాలుగేళ్లుగా మాటల్లేవు. తన పెద్దబిడ్డ పెండ్లికి ఆమె నన్ను బొట్టు పెట్టి పిలవలేదు. పదో తరగతి పేపర్లు దిద్ది ఇంటికి వచ్చేసరికి పత్రిక కిటికీ కింద నేల మీద పడి ఉంది. ఇటు వచ్చేవాళ్లెవరి చేతో పంపి, లోపలికి వేయించింది అనుకున్నాను. సొంత అక్కను పిలిచే తీరు అదేనా? నేను పోలేదు. అప్పుడే రెండో పిల్లకు సంబంధం కుదిరిందని విన్నాను. ఆ పెండ్లికీ పోకపోతే ఇక తెగిపోయినట్టే.

ఆ ఏడాదే తలనొప్పి పట్టుకుంది. మేము చూపించుకునే డాక్టరు రెండు నెలలు మందులిచ్చి చేతులెత్తేశాడు. "మాత్రలతోని పోయే నొప్పి కాదమ్మా. శనివారం పైగదిలకు పట్నం నుంచి మేడం వస్తరు. ఆమెతోని జర మాట్లాడుర్రి" అన్నాడు.

మెట్లెక్కుతుంటే కాంపౌండరు, "టీచరమ్మా, పిచ్చి డాక్టరు కాడికేనా?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఆ మేడం మనస్తత్వ నిపుణురాలు. మందులివ్వదు. ముప్పావుగంట కూర్చుని వింటుంది. నేను మొదటి రోజు "అన్నీ యాదికున్నయి" అంటే, గుర్తున్నాయని అర్థం కాక "ఏమన్నారు?" అని రెండుసార్లు అడిగింది. అదీ మరిచిపోలేదు. నాలుగో శనివారం పత్రిక సంగతి చెప్తున్నాను. నేల మీద నుంచి దాన్ని తీసిన దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతి గడియారం చూసుకుంది. నేను మాట ఆపేశాను. తర్వాతి శనివారం పోలేదు. కాంపౌండరు మా గల్లీలోనే ఉంటాడు, అతనితో కబురు పంపుతుందనుకున్నాను. పంపలేదు. ఆ పై శనివారం కూడా పోలేదు. మూడో శనివారం, ఇక రానని ఆమె ముఖం మీదే చెప్పడానికి పోయాను.

ఆమె ముందుగా అడిగింది. "రెండు వారాలు రాలేదు. నా మీద కోపం వచ్చిందా?"

"పనుండె."

కింద రోడ్డు మీద ఆటోల చప్పుడు వినిపిస్తోంది. చివరికి అన్నాను. "మీరు గడియారం చూసిండ్రు."

"చూశాను. మీకు బాధ కలిగింది. నాకప్పుడు చెప్పలేదేం?"

"నేను చెప్పాల్నా? మీకు తెల్వదా?"

"తెలియలేదు" అంది.

తప్పించుకోవడానికి అన్నట్టు లేదు. తెలియలేదు, అంతే. బయట మనుషులతో పడే పేచీయే ఈ గదిలో తనతోనూ పడతామని, పడ్డప్పుడే దాన్ని ఇద్దరం కలిసి చూడాలని, తన పద్ధతి అదేనని చెప్పింది. "మీరు అలిగి, నేను వచ్చి పిలుస్తానని ఎదురుచూశారు. అలిగారని నాకు తెలిస్తే కదా? ఇలా ఇంకెవరి కోసమైనా ఎదురుచూస్తున్నారా?"

లేదన్నాను. ఆ ఆదివారం పాలమూరు బస్సెక్కాను. దేవరకొండ దాకా కిటికీ పక్క సీటు కూడా దొరకలేదు.

చెల్లెలు తలుపు తీసి, "తొవ్వ తప్పినవా?" అంది.

"నువ్వు నన్ను బొట్టు పెట్టి పిలువలే" అన్నాను. నాలుగేళ్లలో ఆ మాట ఆమెతో అనడం అదే మొదలు.

"వచ్చిన. నీ ఇంటికి తాళమేసి ఉండె. పత్రిక కిటికీలకెల్లి ఏసి, గడపకు బొట్టు పెట్టి పోయిన. చూడలేదా?"

చూశాను. ఇంటి ఓనరమ్మ శుక్రవారం శుక్రవారం అన్ని గడపలకూ పసుపు కుంకుమ పెట్టేది. అదీ ఆమె పనే అనుకుని మరునాడు తడిబట్టతో తుడిచేశాను. ఇంట్లో మనిషి లేకపోతే గడపకు బొట్టు పెడతారని నాకు తెలియనిది కాదు. కోపంలో తట్టలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడుగుతవని చూసిన."

తుడిచేసిన సంగతి చెప్పాను. ఆమె లేచి పళ్లెంలో అన్నం పెట్టింది.

గడప బొట్టు గడపదే, నాది నాకే అని ఇప్పటికీ నా వాదన. తింటూనే అన్నాను. "ఈసారి తాళముంటే బడి కాడికి రా."

"బడికి గూడ రావాల్నా? పెండ్లి నీదనుకుంటున్నవా?"

కానీ వచ్చింది. ఎండాకాలం సెలవుల ముందు, ఇంటర్వెల్‌లో, కుంకుమ భరిణెతో స్టాఫ్‌రూమ్ గడప దాటి వచ్చింది. పది మంది టీచర్ల ముందు నాకు బొట్టు పెట్టి పత్రిక చేతికిచ్చింది. బొట్టు కొంచెం పక్కకు పోయింది. ఆ మాట అప్పుడే చెప్పాను. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది.