మెరుగు మామయ్య ఇంటి సెట్టు

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ చిన్న వర్క్‌షాపులో ఆయన్ని అందరూ మెరుగు మామయ్య అంటారు. మైనంతో అచ్చు తీసేవాళ్ళు వేరు, పళ్ళు అమర్చేవాళ్ళు వేరు. చివరికి ప్రతి సెట్టూ ఆయన చేతికే వస్తుంది. తిరిగే గుడ్డ చక్రానికి తడి రాతిపొడి అద్ది, సెట్టును ఒడుపుగా ఆనిస్తే గులాబీరంగు చిగుళ్ళు తేనె రాసినట్టు నిగనిగలాడతాయి. కిటికీ ఊచలు వంకర లేకుండా అందులో కనపడితే తప్ప ఆయన పెట్టెలో పెట్టడు.

ఆ చక్రం ముందు స్టూలు ఆయన కుర్రతనంలో ఎక్కాడు. జుట్టు నెరిసినా దిగలేదు. అయినా తాను మెరుగుపెట్టిన పళ్ళు ఒక నోట్లో నవ్వడం మాత్రం ఎన్నడూ చూడలేదు. పెట్టె మూత పడిందంటే వాటి దారి వాటిది.

ఆ లోటు తీర్చింది భార్యే. పళ్ళ డాక్టరమ్మ ఆవిడకు మిగిలిన పళ్ళూ తీసేయక తప్పదంది. "ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి అంటారు గానీ, పెట్టుకోడానికి మాత్రం నాకు మీ చేతివే కావాలి" అందావిడ.

ఆ సెట్టుకు పెట్టినంత మెరుగు ఆయన ఇంకే సెట్టుకూ పెట్టలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంట్లో ఉన్న పాత మోటారుకు గుడ్డ చక్రం బిగించాడు. పడుకునే ముందు ఆవిడ నీళ్ళగిన్నెలో వేసుకున్న సెట్టును, పొద్దున్నే ఆవిడ లేవకముందే తీసేవాడు. మెరుగుపెట్టి, పొడిగా తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి టిఫిన్ బల్ల మీద ఉంచేవాడు. "అబ్బ, అద్దంలా ఉన్నాయి" అనేదావిడ. ఆ మాట చాలు, ఆయనకు రోజంతా కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

ఆ బల్ల దగ్గర వాళ్ళకొక అలవాటుంది. సన్నటి పనితో ఆయన కళ్ళు అలిసిపోయాయి కనుక, ఆయన రొట్టె తింటుంటే ఆవిడ పేపరు పైకి చదివేది. ఉత్త చదువు కాదు. "ఆఫీసరుగారు త్వరలోనే చేస్తామన్నారట, మీరు కుళాయి బాగుచేయిస్తానన్నట్టే" అని మధ్యమధ్య చురకలు. కొత్త పళ్ళు వచ్చాక ఆ చదువు ఆగిపోయింది. అడిగితే "ఏముంది లెండి పేపర్లో" అనేది. ఒక మాట అనాల్సి వచ్చినా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. ఆవిడ గొంతు వినపడని పొద్దు ఆయనకు పంటికింద రాయిలా తగిలింది. పళ్ళు ఆవిడకు నచ్చలేదేమోనని ఇంకాస్త ఎక్కువసేపు మెరుగుపెట్టసాగాడు.

చిగురు ఒరుసుకుంటోందని ఒకరోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆమె సెట్టును వెలుతురులో తిప్పి చూసింది.

"దీన్ని ఎవరో అరగదీస్తున్నారే."

"నేనేనమ్మా. రోజూ మెరుగుపెడతాను" అన్నాడాయన, కాస్త గర్వంగానే.

భార్య తల దించుకుంది. డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. "పొద్దున పెట్టుకోగానే ఎలా ఉంటోంది పిన్నిగారూ?"

"ఎవరిదో నోరు అరువు తెచ్చుకున్నట్టుంటుందమ్మా. బుగ్గలకు అతుక్కుపోతాయి. 'స' వచ్చిన చోటల్లా మాట జారిపోతుంది. మధ్యాహ్నానికి సర్దుకుంటాయి. తెల్లారితే మళ్ళీ మొదటికొస్తాయి."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా" అన్నాడాయన.

"గుడ్డలో చుట్టి అంత మురిపెంగా తెచ్చిపెడుతుంటే ఏమని అననండీ?"

డాక్టరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన సొంత ముందుపన్ను ఒకదాన్ని రబ్బరు కప్పుతో బాగా తోమింది. "నాలుకతో రుద్దండి బాబాయిగారూ." రుద్దాడు. కడిగిన గాజుగ్లాసును వేలితో రుద్దినట్టు కీచుమని పట్టేసింది. డాక్టరమ్మ ఈలోగా భార్య చిగురు చూసి, సెట్టులో ఒరుసుకునే చోటు సరిచేసి, ఆయన్ని మళ్ళీ రుద్దమంది. ఈసారి నాలుక మెత్తగా జారింది.

"ఇంతలో ఎవరు మెరుగుపెట్టారు?"

"ఎవరూ పెట్టలేదే."

"మీ ఉమ్మే పెట్టింది. అందులోని ప్రోటీన్లు పంటికి అంటుకుని సన్నని పొర కడతాయి. కంటికి కనపడదు గానీ పన్ను ఒరుసుకోకుండా, పులుపు నేరుగా తగలకుండా కాపు కాస్తుంది. తోమితే పోతుంది, నిమిషాల్లో మళ్ళీ మొదలవుతుంది. కట్టుడు పళ్ళకూ అంతే. అది పడ్డాకే నోరు వాటిని తనవి అనుకుంటుంది. పిన్నిగారి నోరు అసలే పొడి. మీరేమో రోజూ గీకి, ఆరబెట్టి, సరిగ్గా టిఫిన్ వేళకు చేతికిస్తున్నారు."

"మరి కడగొద్దా?"

"ఎందుకొద్దు? మెత్తని బ్రష్షుతో, నీళ్ళతో కడగండి. లేవగానే పెట్టుకుంటే టిఫిన్ వేళకు సర్దుకుంటాయి. మీ మోటారును మాత్రం వాటి జోలికి రానివ్వకండి."

ఇంటిదారిలో ఆయన తన వేళ్ళకేసే చూసుకుంటూ నడిచాడు. పళ్ళకు ఆఖరి మెరుగు పెట్టే చెయ్యి తనదేనని ఇన్నేళ్ళూ నమ్మాడు.

"అలిగారా?" అంది భార్య.

"ఎవరి మీద అలగను, ఉమ్మి మీదా?"

ఆవిడకు నవ్వొచ్చింది. అరచెయ్యి అలవాటుగా నోటి మీదికి వెళ్ళింది.

మర్నాడు ఆయనకు ఎప్పటి వేళకే మెలకువ వచ్చింది. నీళ్ళగిన్నె దగ్గర నిలబడ్డాడు. చేతులు దురదపెట్టాయి. వాటిని వెనక్కి కట్టుకుని వరండాలోకి పోయి కూర్చున్నాడు.

ఆవిడ లేచి, సెట్టు కడిగి పెట్టుకుని, టీ కాచింది. ఆయన తల ఎత్తకుండా రొట్టె తింటున్నాడు. బల్ల మీద పేపరు జరిగిన చప్పుడైంది.

"సముద్రంలో చిక్కిన సోదరులు సురక్షితం." ఒక్కచోట మాట జారింది. ఆవిడ ఆగింది. ఆయన నమలడం ఆపాడు.

"ఈతొచ్చు కదా అని లోతుకు పోయారట" అంటూ ఆవిడ మళ్ళీ అందుకుంది. "మీలాగే. పనొచ్చినవాళ్ళకు ఎక్కడ ఆగాలో తెలీదు."

"ఆటల పేజీ కూడా చదువు."

"అంత ఆశ పనికిరాదు. నా టీ చల్లారిపోతోంది" అంటూనే, ఆవిడ రెండు చేతులతో పేపరు తిప్పింది.