బల్మూర్ దగ్గర నేను పలికిన పేరు

మా ఆడబిడ్డ శిరీష డిగ్రీలో మానవశాస్త్రం చదువుతోంది. మూడేళ్లు పరీక్షలు రాస్తే చాలదట. ఒక ఊరికి వెళ్లి, నాలుగు కుటుంబాల మూడు తరాల చుట్టరికాలను పేర్లతో సహా పటంగా గీసి రికార్డు ఇవ్వాలి. అది లేకపోతే పట్టా రాదు. సోమవారమే గడువు. ఆమె ఎంచుకున్నది బల్మూర్ దగ్గర అడవి అంచున ఉన్న చిన్న ఊరు. ఒంటరిగా పంపనని అత్తమ్మ అనడంతో నేను తోడు వెళ్లాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

శనివారం ఉదయం ఆరింటికి గద్వాలలో బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. పెబ్బేరులో పశువుల సంత కావడంతో బస్సు అరగంట కదల్లేదు. నేను ఫోన్‌లో టైం చూడటం, కిటికీలోంచి తొంగిచూడటం, మళ్లీ టైం చూడటం. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో బస్సులు మారి బల్మూర్ చేరేసరికి పదకొండున్నర. అక్కడి నుంచి ఆటోకు మనిషికి ముప్పై రూపాయలు.

"మూడింటికి మళ్ల వస్త. లేటైతే బస్సు దొర్కదు. అప్పుడు నన్ను తిట్టొద్దక్కా," అన్నాడు ఆటో అతను.

ఊళ్లో మగవాళ్లంతా పనికి పోయారు. ఎల్లమ్మవ్వ అనే పెద్దావిడ అరుగు మీద ఆడవాళ్లు పల్లికాయ ఒలుస్తున్నారు. శిరీష చార్టు పరిచింది. ఆడవాళ్లకు సున్న, మగవాళ్లకు త్రికోణం.

"అవ్వా, మీ ఆయన పేరేంది?"

అవ్వ నవ్వి మొహం తిప్పుకుంది. మిగతావాళ్లూ అంతే. మా వైపు పెళ్లైన ఆడవాళ్లం భర్త పేరు నోటితో అనం. పక్కామెను అడిగితే, ఆయన తనకు బావ అవుతాడంటూ ఆమె కూడా ఆ పేరు చెప్పలేదు. తండ్రుల పేర్లు, అన్నల పేర్లు చెప్పారు. రెండున్నరకు కూడా భర్తల త్రికోణాలు ఖాళీగానే ఉన్నాయి.

"ఇట్లిస్తే రికార్డు తీస్కోరు వదినా," అంది శిరీష, ఏడుపు గొంతుతో.

"పెండ్లిగాని పిల్లవు, నీకేం తెల్సు!" అవ్వ నా పుస్తెల వైపు చూసింది. "గీమెను చెప్పమను. గీమె చెప్తే నేను చెప్త."

అందరూ చేతులాపి నన్నే చూశారు. దూరంగా ఆటో హారన్ వినిపించింది. తల వంచుకుని మా ఆయన పేరు అన్నాను.

"శ్రీనివాసులు."

"ఇనవడలే!" అంది అవ్వ.

"శ్రీనివాసులు!"

అరుగంతా నవ్వులు. అవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బాలయ్య," అంది మెల్లగా. "ఆయన పోయి పదేండ్లాయె. ఆ పేరు ఇయ్యాలనే నోట్ల అన్న," అంది. ఆ తర్వాత ఒక్కొక్కరే చెప్పారు. శిరీష చెయ్యి ఆగకుండా రాసింది.

మూడున్నర బస్సు అందింది. దారంతా మా ఆయన పేరు నా నోట్లోనే తిరిగింది. తప్పు చేశానా అని కాసేపు, ఇన్నేళ్లు ఎందుకు అనలేదని కాసేపు, కుదురుగా కూర్చోలేకపోయాను. బతికుండగా ఒక్కసారి కూడా పిలవని మనిషి పేరును అవ్వ ఎంత జాగ్రత్తగా దాచుకుందో! గద్వాల బస్టాండులో మా ఆయన బండి దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నారు. పేరు పెదవి దాకా వచ్చింది. పిలవలేదు. దగ్గరికి వెళ్లి భుజం తట్టాను.

ఇలాంటి రికార్డు కోసం వెళ్లేవాళ్లకు ఒక్క మాట: పెళ్లైన ఆడమనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. ముందు ఆమెను తన భర్త పేరు చెప్పనివ్వండి.