సుబ్బలక్ష్మమ్మ కండెల పెట్టె

ధర్మవరంలో మా వీధి సుబ్బలక్ష్మమ్మకు కోపం తెప్పించాలంటే ఆమె కండెల పెట్టెను ముట్టుకుంటే చాలు. చిన్నప్పుడే పోలియోతో ఆమె ఎడమచెయ్యి పడిపోయింది. మగ్గంలో అడ్డపోగు అందించే చిన్న గొట్టమే కండె. దానికి పట్టు చుట్టాలంటే ఒక చేత్తో రాట్నం తిప్పాలి, ఇంకో చేత్తో పోగు పట్టాలి. అది ఆమె వల్ల కాలేదని వాళ్ల నాయన ఈశ్వరప్ప ఈ పెట్టె చేసిచ్చాడట. పక్కనున్న కీ తిప్పి వదిలితే కదురు దానంతటదే తిరుగుతుంది. ఉన్న ఒక్క చేత్తో పోగు పట్టుకుంటే సరి. అరవై దాటినా మా మగ్గాలకు కండెలు ఆమెవే. "మా నాయన చేసిన మిషన్" అని ఒకసారైనా అననిదే ఆమెకు ముద్ద దిగదు.

మొన్న కూతురి పెళ్లి చీర కోసం రాయదుర్గం నుంచి ఎర్రిస్వామి మా వీధికి వచ్చాడు. జీన్స్ కుట్టే మిషన్లు బాగుచేస్తాడు. పాత గ్రామఫోన్లంటే పిచ్చి. సుబ్బలక్ష్మమ్మ కండెలు చుడుతున్న పెట్టె కంటపడగానే చీర సంగతే మరిచిపోయాడు. దాని ముందువైపు చెక్కపలకల మధ్య సందులుంటాయి. గాలి ఆడటానికని మేమంతా అనుకునేవాళ్లం. అవి పాట బయటికి రావడానికట. వాటి వెనకే చెక్క బూరా ఉంది. పైన మైనంతో పూడ్చిన రంధ్రాలు చూపించి, రికార్డు మీద ఆనే సూది గొట్టం ఇక్కడ ఉండేదన్నాడు.

"ఇది గ్రామఫోనమ్మా. పేరు రేకు ఊడిపోయినాది గానీ, విలాయతి సరుకు."

సుబ్బలక్ష్మమ్మ మొహం వాడిపోయింది.

"అట్లయితే మా నాయన నాకు అబద్ధం చెప్పినాడా?"

నాకు ఒళ్లు మండింది. చీరకు వచ్చినవాడు చీర కొనుక్కుని పోక ఈ పెత్తనం ఎందుకు?

ఎర్రిస్వామి ఆమెను అడిగి పై పలక ఎత్తి లోపలికి టార్చి వేశాడు. స్ప్రింగు, వేగాన్ని అదుపు చేసే గుండ్లు కంపెనీవే. కానీ రికార్డు పెట్టే పళ్లెం తిరిగే వేగం కండెకు చాలదు. అందుకే పళ్లెం తిప్పే ఇరుసుకు పెద్ద చింతచెక్క చక్రం ఉంది. అది ఒక చుట్టు తిరిగితే సన్నటి కదురు ఎన్నో చుట్లు తిరిగేట్టు, దాని నుంచి కదురుకు నూలుతాడు బిగించి ఉంది. చక్రం మీద ఉలిగాట్లు ఇంకా తెలుస్తున్నాయి.

"ఈ చక్రం ఏ కంపెనీదీ గాదు. పాడేదాన్ని కండె చుట్టేట్టు చేసినాడు. మీ నాయన మొనగాడమ్మా."

ఆమె కళ్లు నిండాయి. నా కోపం దిగిపోయింది. ఈశ్వరప్ప మా వీధివాడైనందుకు నాకూ గర్వమనిపించింది.

ఎర్రిస్వామికి మాత్రం ఆశ చావలేదు. చక్రం తీసేసి కొత్త గొట్టం బిగిస్తే మళ్లీ పాడుతుందనీ, తానే బాగుచేసిస్తాననీ బతిమాలాడు. సుబ్బలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుని, కీ తిప్పి, పోగు అందుకుంది.

"పాడే పెట్టెలు యాడైనా దొరుకుతాయప్పా. నాకు రెండో చెయ్యి ఇదొక్కటే ఉండాది."