డార్జిలింగ్‌ల కడక్ వెతికిన

తిరుమలగిరిల నలభై ఏండ్లు చాయ్ హోటల్ నడిపిన. చదివింది ఐదో తరగతే గాని, అస్సాం చాయ్‌పత్తి ఏదో నీలగిరి పత్తి ఏదో వాసనతోనే చెప్పేటోన్ని. మండలంల ఎవరు పత్తి కొన్నా నా మాటే ఆఖరు.

మొన్న మా కోడలు గ్లోరీ డార్జిలింగ్ పత్తి తెచ్చింది. పాలు, చక్కెర పోసి మూడు పొంగులు రానిచ్చిన. ఎంత మరిగినా ఘాటెక్కలే, కడక్ రాలే.

"గడ్డి నీళ్లు బిడ్డా, నిన్ను మోసం చేసిండ్రు" అన్న.

"పాలల్ల ముంచి సంపితే దాని రుచేం తెలుస్తది మామా?" అని నవ్వి, మూడు పత్తులను వేరువేరుగ వేడినీళ్లల్ల నానబెట్టి, పాలు లేకుంట ఇచ్చింది. అస్సాం నాలుకను గట్టిగ పట్టింది. నీలగిరి తేటగ దిగింది. డార్జిలింగ్ మింగినంక గూడ పూలవాసన నోట్లనే ఉంది.

"తప్పు పత్తిది కాదు, నాదే" అన్న. చాయ్ ముచ్చట్ల నేను ఒకరితోని గిట్ల అనుడు గదే మొదలు.